కరాటే క్లాసులో కళ్ళు మూసుకునే ఆ రెండు నిమిషాల గురించి

పోస్టు కొంచెం పెద్దదే. టైమ్ ఉన్నప్పుడు చదవండి, కానీ చివరిదాకా చదివాకే కామెంట్ పెట్టండి.

పోయిన వారం నుంచి ఇక్కడ ఒకటే చర్చ నడుస్తోంది. మన జూనియర్ తమ్ముడు ఒకడు కాలేజీ కారిడార్‌లో నిలబడి ఇంటికి ఫోన్ చేసి, వాళ్ళమ్మతో మన భాషలో మాట్లాడుతుంటే, వెనక నుంచి ఇద్దరు ఆ మాటల్ని వెక్కిరించారు. అడివి భాష అన్నారు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారికి తమ్ముడి చెయ్యి లేచింది. ఇప్పుడు ఎంక్వయిరీ నడుస్తున్నది వాడి మీద. వెక్కిరించిన వాళ్ళ మీద కాదు.

ఈ విషయం మీద గ్రూపులో రెండు రకాల కామెంట్లు వచ్చాయి. "శభాష్ తమ్ముడూ, కరాటే నేర్చుకున్నది ఇందుకే కదా" అని సగం మంది. "చదువుకోడానికి వచ్చి ఈ కొట్లాటలేంటి, ముందు మనల్ని మనం సరిచేసుకోవాలి" అని మిగతా సగం. మేము, అంటే ఈ హాస్టల్ గ్రౌండులో సాయంత్రం ప్రాక్టీస్ చేసే పదిమందిమి, రెండింటితోనూ ఒప్పుకోలేకపోతున్నాం. మొదటి మాట అన్నవాళ్ళకు కరాటే అంటే ఏంటో సగమే తెలుసు. రెండో మాట అన్నవాళ్ళు ఒక మంచి మాటను తీసుకెళ్ళి తప్పుడు పనికి వాడుతున్నారు. ఎందుకో చెప్తాం.

కరాటే క్లాసుకు ఒకసారైనా వెళ్ళినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మొదట వరసగా మోకాళ్ళ మీద కూర్చోబెడతారు. మాస్టారు "మొకుసో" అంటారు. కళ్ళు మూసుకుని, వీపు నిటారుగా పెట్టి, ఊపిరి చూసుకుంటూ కూర్చోవాలి. "యామే" అన్నాక కళ్ళు తెరిచి, వంగి నమస్కారం చేసి లేవాలి. క్లాసు అయిపోయాక మళ్ళీ అదే. మొత్తం కలిపితే రెండు మూడు నిమిషాలు. ఈ కాస్తకే మన హాస్టళ్ళలో ముందు కత్తెర పడుతుంది. ఎందుకంటే దోమలు కుడతాయి, పక్కవాడు నవ్వుతాడు, టిఫిన్ బెల్లు కొట్టేస్తారు. అసలు కారణం ఇంకొకటి ఉంది. అది ఎవరికీ చూపించడానికి పనికిరాదు. ఆగస్టు 15కి అధికారులు వచ్చినప్పుడు మన పిల్లలతో బెంగళూరు పెంకులు పగలగొట్టిస్తారు, చేతుల మీద నుంచి బైకు నడిపిస్తారు, చప్పట్లు కొడతారు, ఫొటో పేపర్లో వస్తుంది. కళ్ళు మూసుకుని కూర్చున్న పిల్లల్ని ఏ కలెక్టర్ గారు చూస్తారు? చూడరు. అందుకని ఏళ్ళు గడిచేకొద్దీ పెంకులు మిగిలాయి, మొకుసో పోయింది.

దీన్నే సిటీలో మైండ్‌ఫుల్‌నెస్ అని ఏసీ హాల్లో వర్క్‌షాపులు పెట్టి చెప్తున్నారు. మన తెలుగులో ఎరుక అని చిన్న మాట ఉండనే ఉంది. (ఎరుక చెప్పే ఎరుకల తల్లులు మన ఎస్టీ సోదరీమణులే. చెయ్యి చూసి భవిష్యత్తు చెప్పడం సంగతి పక్కన పెట్టండి, మాట మాత్రం మనదే.) ఎరుక అంటే ఇప్పుడు నాలో ఏం జరుగుతోందో నాకు తెలిసి ఉండటం. భుజం బిగుసుకుందా, పళ్ళు కొరుకుతున్నానా, ఎదుటివాడిని చూస్తున్నానా లేక నిన్నటి మాటను చూస్తున్నానా? ఇందులో దేవుడూ లేడు, మతమూ లేదు. ఏ మతం వాళ్ళయినా, ఏ మతమూ లేనివాళ్ళయినా చేసుకోవచ్చు. ఇది కొందరు తల్లిదండ్రుల అనుమానం కాబట్టి చెప్తున్నాం.

ఎరుక ఒక్కటే చాలదు. దాని పక్కన ఇంకొకటి కావాలి, తనను తాను అబద్ధం లేకుండా చూసుకోవడం. ఇది చెప్పడానికి తేలిక. చెయ్యడం ఎంత కష్టమో తెలియాలంటే ఒక బొగ్గు ముక్క చాలు.

షోటోకాన్ కరాటేలో అందరికంటే ముందు నేర్పే కటా హేయాన్ షోడాన్. అందులో 21 కదలికలు. ఎడమకు తిరిగి కింది బ్లాకుతో మొదలై, ముందుకు, పక్కలకు, వెనక్కి వెళ్ళి, మొదలుపెట్టిన చోటికే రావాలి. గ్రౌండు గచ్చు మీద బొగ్గుతో ఒక గీత గీసి దాని మీద నిలబడి మొదలుపెట్టండి. అయిపోయాక కిందికి చూడండి. కొత్తవాళ్ళెవరూ గీత మీద ఉండరు. ఒకరు జానెడు ముందు, ఒకరు రెండడుగులు పక్కకు. ఎందుకు? వెళ్ళేటప్పుడు వేసిన అడుగూ వచ్చేటప్పుడు వేసిన అడుగూ ఒకటే పొడవు లేవు. అలసిపోయాక అడుగు కురచైంది. లేదా కుడి కాలి మీద నమ్మకం ఎక్కువ, ఎడమ కాలి మీద తక్కువ. లేదా ఎవరో చూస్తున్నారని చివర్లో తొందరపడ్డారు. మాస్టారు ఏమీ అనక్కర్లేదు. సర్టిఫికెట్టు మీద ఏ బెల్టు రాసి ఉన్నా గీత మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తుంది.

ఇక్కడే మనిషి బయటపడతాడు. గీతకు దూరంగా తేలినవాళ్ళలో కొందరు మెల్లగా కాలు జరిపి గీత మీదికి వచ్చేస్తారు, ఎవరూ చూడకముందే. కొందరు "గచ్చు ఎగుడుదిగుడుగా ఉంది" అంటారు. కొందరు తల దించుకుని "నాకు రాదు, నేనింతే" అని వెళ్ళి కూర్చుంటారు. మా లెక్కలో ముగ్గురూ ఒకటే. ముగ్గురూ గీతను చూడలేదు. చూసినవాడు ఎలా ఉంటాడంటే, అక్కడే నిలబడి "ఎక్కడ తేడా వచ్చింది?" అని వెనక్కి లెక్కపెట్టుకుంటాడు.

ఈ మూడోవాడి గురించే మేము ఎక్కువ మాట్లాడాలనుకుంటున్నాం. ఎందుకంటే మనలో ఎక్కువమందిమి వాడే.

చిన్నప్పటి నుంచి మనల్ని ఎవరో ఒకరు చూస్తూనే ఉన్నారు. ఆశ్రమ పాఠశాలలో చేరినరోజు తల చూశారు, గోళ్ళు చూశారు, మన ఉచ్చారణ చూశారు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు లేపి "ఎక్కం చెప్పు" అన్నారు. కాలేజీలో చేరాక రిజర్వేషన్ సీటు అని చూశారు. ఇంత చూపు మీద పడి పడి, మనల్ని మనం చూసుకోవాల్సి వచ్చినప్పుడు కూడా మన కళ్ళతో చూసుకోం, వాళ్ళ కళ్ళతోనే చూసుకుంటాం. దానికి ఆత్మపరిశీలన అని పేరు పెట్టుకుంటాం. అది పరిశీలన కాదు. అది తీర్పు, అది కూడా వేరేవాళ్ళు ముందే రాసిపెట్టిన తీర్పు. మేము ప్రాక్టీస్ నోటుబుక్కు పెట్టుకుంటాం, రోజుకి రెండు లైన్లు. అందులో ఒక్కటే రూలు. "ఎడమవైపు తిరిగేటప్పుడు మడమ లేస్తోంది" అని రాయొచ్చు. "నేను వేస్ట్" అని రాయకూడదు. మొదటిది నిజం, రేపు సరిచెయ్యొచ్చు. రెండోది నిజం కాదు, దాంతో చేసేదీ ఏమీ లేదు.

కాబట్టి "ముందు మనల్ని మనం సరిచేసుకోవాలి" అని కామెంట్ పెట్టిన అన్నలకు ఒక మాట. తమ్ముడు తనను తాను చూసుకోవడం వేరు, వెక్కిరించినవాళ్ళను వదిలేయడం వేరు. తెగ పేరుతో నలుగురి ముందు కావాలని అవమానిస్తే అది 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఆ దారిలో జరగాల్సింది జరగాలి, కాలేజీకి ఇవ్వాల్సిన ఫిర్యాదు సీనియర్ అన్నలు రాస్తున్నారు, మేమూ సంతకాలు పెట్టాం. ఆత్మపరిశీలన అనే మాటను దెబ్బ తిన్నవాడి నోటికి అడ్డంగా పెట్టకండి.

ఇప్పుడు శభాష్ అన్నవాళ్ళ సంగతి. కరాటే ఎక్కడి నుంచి వచ్చిందో మనలో చాలామందికి తెలియదు. జపాన్ అనుకుంటాం. అసలు పుట్టింది ఒకినావాలో. అది అప్పట్లో ర్యూక్యూ అనే వేరే రాజ్యం, వాళ్ళ భాష వేరు. 1879లో జపాన్ దాన్ని కలిపేసుకుని ఒక జిల్లాలా మార్చేసింది. ఆ తర్వాత అక్కడి బడుల్లో సొంత భాష మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక చెక్క పలక వేలాడదీసేవాళ్ళు. హోగెన్ ఫుదా అంటారు దాన్ని. ఆ పలక వదిలించుకోవాలంటే సొంత భాష మాట్లాడే ఇంకో పిల్లవాడిని పట్టుకోవాలి. మెడలో పలక లేకపోయినా ఇలాంటిది మనలో ఎంతమంది చూశామో చెప్పక్కర్లేదు.

ఆ ఒకినావాలో 1868లో పుట్టినవాడు ఫునాకోషి గిచిన్. వృత్తి బడిపంతులు. రాత్రిపూట గురువు అజాతో ఇంటి పెరట్లో ఒకే కటాను నెలల తరబడి చేసేవాడు, గురువు చాలు అనేదాకా ఇంకొకటి లేదు. 1922లో, యాభై దాటిన వయసులో, కరాటేను చూపించడానికి టోక్యో వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. ఎక్కడ ఉన్నాడో తెలుసా? మెయిసెయి జుకు అనే హాస్టల్లో. ఒకినావా నుంచి చదువుకోడానికి వచ్చిన విద్యార్థుల హాస్టల్ అది! చేతిలో డబ్బుల్లేక ఆ హాస్టల్లోనే గదులు ఊడ్చి, తోటపని చేసి, వాచ్‌మన్‌గా ఉండి, ఖాళీ వేళల్లో అక్కడి హాల్లోనే కరాటే నేర్పాడు. ఒకసారి ఆయన్ను చూడ్డానికి వచ్చిన విలేకరి, చీపురుతో ఉన్న ఆయన్నే ఫునాకోషి గారు ఎక్కడ అని అడిగాడట. ఈయన లోపలికి వెళ్ళి బట్టలు మార్చుకుని వచ్చి, నేనే అన్నాడట. చిన్న చూపు చూశాడని కోపం రాలేదు, నేను ఇలా ఉన్నానేంటని సిగ్గూ పడలేదు. ఈరోజు ప్రపంచమంతా వేసుకుంటున్న ఆ తెల్ల డ్రెస్సు వెనక ఒక మారుమూల పిల్లల హాస్టలూ, ఒక చీపురూ ఉన్నాయని మన హాస్టల్ పిల్లలకు చెప్పినవాళ్ళు లేరు.

ఆయన తన జీవితం గురించి రాసుకున్న పుస్తకంలో ఒక సంగతి ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, బాగా ముసలివాడయ్యాక, రాత్రిపూట ఇంటికి వెళ్తుంటే ఒకడు అడ్డం పడి గొడుగు లాక్కోబోయాడు. దాడి కూడా చేయబోయాడు. ఫునాకోషి వంగి తప్పించుకుని, మగవాడిని ఎక్కడ పట్టుకుంటే ఊపిరి ఆగుతుందో అక్కడ పట్టుకున్నాడు. (నవ్వండి, ఫర్వాలేదు, మేమూ నవ్వాం.) ఇంతలో పోలీసు వచ్చాడు, అప్పగించేశాడు. మనమైతే ఈ కథను ఊరంతా చెప్పుకుంటాం, ముసలాయన దొంగను పట్టాడు అని. ఆయన అలా చెప్పుకోలేదు. వాడు యుద్ధం నుంచి తిరిగొచ్చి పనిలేక తిరుగుతున్నవాడై ఉంటాడు అనుకున్నాడు. నేను శిష్యులకు ఏది చెయ్యొద్దని రోజూ చెప్తానో అదే చేశాను అనుకున్నాడు. తన మీద తనకేమీ గర్వం అనిపించలేదని రాసుకున్నాడు.

చట్టం ప్రకారం, న్యాయం ప్రకారం ఆయన చేసింది తప్పు కాదు. తప్పు దొంగదే. అయినా లోపల తన చెయ్యి ఎలా లేచిందో ఆయన చూసుకున్నాడు. ఈ రెండు మాటలూ ఒకే మనిషిలో పక్కపక్కన ఉండొచ్చు. మన తమ్ముడి విషయంలోనూ అంతే. వెక్కిరించినవాళ్ళది తప్పు, అందులో సందేహం లేదు. అది అలా ఉండగానే తమ్ముడు తనకు తాను వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటి ఉంది, అది వాడిదే, ఎంక్వయిరీ కమిటీది కాదు, మనదీ కాదు. చెయ్యి లేచింది నేను లేపితేనా, దానంతట అదే లేచిందా?

ఆ తేడా చిన్నది కాదు. మాట చెవిలో పడ్డాక చెయ్యి లేచేలోపు ఒక ఊపిరి టైమ్ ఉంటుంది. శిక్షణ లేనివాడికి ఆ ఊపిరి ఉన్నట్టే తెలియదు. మొకుసో చేసేది అంతా ఆ ఒక్క ఊపిరిని కనిపెట్టడానికే. ఆ ఊపిరిలో చాలా పనులు చెయ్యొచ్చు. తిరిగి నిలబడి "ఇంకోసారి అను" అని ఫోన్‌లో రికార్డు ఆన్ చెయ్యొచ్చు. పక్కనున్నవాళ్ళను సాక్షులుగా పిలవొచ్చు. వాడు నిజంగా మీదికి వస్తే బ్లాకూ చెయ్యొచ్చు, కొట్టనూ వచ్చు. ఏది చేసినా ఎంచుకుని చేసినట్టు ఉంటుంది. ఇప్పుడు జరిగిందేంటి? వెక్కిరించిన ఇద్దరూ తమ్ముడి చేతిని వాళ్ళకు కావలసినట్టు ఆడించారు, తర్వాత వెళ్ళి ప్రిన్సిపాల్ రూములో కూర్చున్నారు. మన పిల్లవాడి పిడికిలి మీద కంట్రోల్ వాళ్ళ నోటికి ఉండటం మాకు ఇష్టం లేదు. శభాష్ అంటే ఆ రిమోట్‌ని వాళ్ళ చేతికే ఇచ్చినట్టు.

చెల్లెళ్ళ విషయం కొంచెం వేరుగా చెప్పాలి. సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు రాణీ లక్ష్మీబాయి పేరు మీద ఆత్మరక్షణ శిక్షణ ఇస్తున్నారు, అది మూడు నెలలే. మూడు నెలల్లో గుద్దు, తన్ను, చెయ్యి విడిపించుకోవడం చెప్పి అయిపోయింది అనిపిస్తారు. మన అక్కలు చెప్పేదేమంటే, బస్సులో చెయ్యి పడినప్పుడు అసలు సమస్య టెక్నిక్ కాదు, ఒళ్ళు గడ్డకట్టిపోతుంది, నోరు రాదు. తర్వాత రాత్రంతా "నేనెందుకు అరవలేదు" అని తమను తాము తిట్టుకుంటారు. ఇది తెలివిగా చెప్పేవాళ్ళు కావాలి. గడ్డకట్టడం ఒంటికి సహజం, అందులో ఆ పిల్ల తప్పేమీ లేదు. ముందే ప్రశాంతంగా ఉన్న చోట, భయం తనలో ఎక్కడ మొదలవుతుందో, గొంతులోనా కడుపులోనా, గమనించుకోవడం అలవాటైతే నిజంగా వచ్చినరోజు దాన్ని కొంచెం ముందుగా గుర్తుపట్టగలరు. ఊపిరి బయటికి గట్టిగా వదిలితే నోరు పెగులుతుంది, కరాటేలో అరుపు పెట్టింది అందుకు కూడా. ఆడపిల్లలను కూర్చోబెట్టి "నీలో నువ్వు చూసుకో" అనేముందు, ఏ డ్రెస్సు వేసుకున్నావు అని చూసుకోమనడం లేదని స్పష్టంగా చెప్పండి. ఆ మాటకు మన దగ్గర ఆ అర్థం పట్టేసింది మరి.

ఏకలవ్యుడి గురించి గ్రూపులో ఎప్పుడూ బొటనవేలు దగ్గరే ఆగిపోతాం. ఆగాల్సిందే, అది మరచిపోయే అన్యాయం కాదు. మన రెసిడెన్షియల్ స్కూళ్ళకు ఆ పేరే పెట్టారు కూడా. కానీ బొటనవేలికి ముందు ఏం జరిగింది? మట్టిబొమ్మ ముందు నిలబడి నేర్చుకున్నాడు. మట్టిబొమ్మ మోచెయ్యి ఎత్తు అనదు, ఊపిరి బిగబట్టు అనదు. బాణం ఎందుకు తప్పిందో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. చెప్పింది వాడి కన్నే. రోజూ తప్పిన ప్రతి బాణాన్నీ వెళ్ళి తెచ్చుకుంటూ, అబద్ధం లేకుండా చూసుకోకపోతే ఆ స్థాయికి రాలేడు. మన పెద్దల వేట కూడా అంతే. ఇటుకల పండగకు వేటకెళ్ళి వట్టి చేతులతో వస్తే ఆడవాళ్ళు ఎంత ఆటపట్టిస్తారో పాడేరు, అరకు వైపు వాళ్ళకు తెలుసు. అడివిలో సర్టిఫికెట్టు చూపించి ప్రయోజనం లేదు.

బెల్టుల గురించి రెండే ముక్కలు. కొన్ని చోట్ల గ్రేడింగ్ ఫీజు కడితే చాలు, రంగు మారిపోతోంది. ఆ ఫీజు మనకొచ్చే కాస్మెటిక్ ఛార్జీల కంటే ఎక్కువ. ఇంట్లో చింతపండు అమ్మిన డబ్బుల్లోంచి కడుతున్నారు. స్పోర్ట్స్ కోటా ఆశ చూపిస్తారు. కరాటే ఒలింపిక్స్‌లో ఒక్కసారే, టోక్యో 2020లో ఉంది, పారిస్ 2024లో లేదు. అలాంటి సర్టిఫికెట్టు ఏ ఉద్యోగానికి పనికొస్తుందో నోటిఫికేషన్ చదివి, అడిగి, అప్పుడు కట్టండి.

"కానిస్టేబుల్ ఈవెంట్లకు పరిగెత్తాలి, సెమిస్టర్ పరీక్షలు ఉన్నాయి, ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి" అని అడుగుతారు. మేం అడిగేది రెండు నిమిషాలు, రెండు లైన్లు, ఒక బొగ్గు ముక్క. పైసా ఖర్చు లేదు, వార్డెన్ గారి పర్మిషన్ అక్కర్లేదు.

ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో పిల్లలకు నేర్పుతున్న సీనియర్ అన్నలు, అక్కలు ఈ గ్రూపులోనే చాలామంది ఉన్నారు. ఈసారి జెండా పండక్కి పెంకులు పగలగొట్టించేముందు పిల్లలతో గీత మీద కటా చేయించి చూడండి. ఎంత దూరంలో ఆగారో పిల్లల్నే కొలుచుకోమనండి, మీరు కొలవొద్దు. వాళ్ళు ఏం చెప్పారో ఇక్కడ రాయండి, మాకూ తెలుసుకోవాలని ఉంది.

తమ్ముడు రోజూ సాయంత్రం గ్రౌండుకు వస్తున్నాడు. వాడిని ఎవరూ ఆ విషయం అడగొద్దని మాలో మేం అనుకున్నాం, గ్రూపులో కూడా దయచేసి ట్యాగ్ చెయ్యొద్దు. ఆదివారం పొద్దున ఆరింటికి అందరం కలుస్తున్నాం, పక్క హాస్టళ్ళ వాళ్ళూ రావచ్చు. కరాటే రాకపోయినా పర్వాలేదు. నోటుబుక్కు మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోండి.